పిలిస్తే పలికేవారున్నారా?

కడప నుంచి తిరుపతి పోయే రహదారి మీద పాతిక కిలోమీటర్లు పోతే ఒంటిమిట్ట వస్తుంది. కోదండరామాలయంతో పేరు పొందిన ఊరు. ఆ ఊళ్ళో ఒక బావి ఉంది. దాని పేరు ఇమాంబేగ్ బావి. నవాబుల తరఫున ఈ ప్రాంతానికి వచ్చిన ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి దాన్ని తవ్వించాడని ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నీటికి కటకటలాడే ఈ సీమలో బావి తవ్వించడం ఎంత పుణ్యమో వేరే చెప్పనక్కర లేదు. ఆ కథలో ఒక ప్రశ్న వస్తుంది. గుడికి వచ్చే భక్తులను ఇమాంబేగ్ అడిగాడట, "మీరు పిలిస్తే ఆయన పలుకుతాడా?" అని.

ఆ కథలో చరిత్ర ఎంత, జనం అల్లుకున్నది ఎంత అన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. ఎవరి విశ్వాసం వారిది. కాని ఆ ప్రశ్న మాత్రం చిన్నది కాదు. కష్టంలో ఉన్న ప్రతి మనిషీ ఏదో ఒక రాత్రి ఆ ప్రశ్న వేసుకునే ఉంటాడు. అల్లాహ్ వింటాడా అన్న విషయంలో విశ్వాసికి సందేహం లేదు. కంఠనాళం కంటే దగ్గరగా ఉన్నవాడు వినకుండా ఎలా ఉంటాడు? సందేహమల్లా మన గురించే. మన ఇంట్లో, మన వీధిలో, మన మసీదులో మన పక్కన భుజం ఆనించి నిలబడిన మనిషి దుఃఖంతో పిలిస్తే మనం పలుకుతున్నామా?

పలకడం లేదన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట. పలకకపోగా, పిలిచేవారి నోరు మూయడానికి "సబర్" అనే పవిత్రమైన మాటను వాడుకుంటున్నాం.

41వ రోజు

2021 నవంబరు 19. ఆ రోజు కూడా శుక్రవారమే. ఒంటిమిట్టకు ఎంతో దూరం లేని రాజంపేట మండలంలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఎగువన పించా ప్రాజెక్టు తెగి, ఆ నీళ్ళు కూడా వచ్చి దీని మీద పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాల మీద ఏరు విరుచుకుపడింది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. గొడ్లు పోయాయి, ఇళ్ళు పోయాయి. పచ్చని పొలాల మీద ఇసుక మేటలు వేసింది.

ఆ తర్వాత అధికారులు వచ్చారు, నాయకులు వచ్చారు. బియ్యం, దుప్పట్లు, వంటపాత్రలు వచ్చాయి. మతం చూడకుండా చుట్టుపక్కల ఊళ్ళవారు అన్నం వండి పంపారు. ఇవన్నీ మంచి పనులే. ఇంటికి ఇంత, గొడ్డుకు ఇంత, ఎకరాకు ఇంత అని లెక్క కట్టారు. కాని చీకటి పడి నాలుగు చినుకులు రాలితే చాలు గుండె దడదడలాడే తల్లికి, చెయ్యి జారిపోయిన బిడ్డ కోసం ఇప్పటికీ ఏటి వైపే చూసే తండ్రికి ఏ పట్టికలో లెక్క కట్టగలం? అది ఎవరి పనీ కాదు గనుక ఎవరూ కట్టరు.

వరద దాకా ఎందుకు? మామూలు చావు సంగతే చూడండి. మన ఇళ్ళలో మనిషి పోతే మూడో రోజు జియారత్ అంటాం. పదో రోజు అంటాం. 40వ రోజు చహల్లుం చేస్తాం. ఈ ఆచారాల్లో ఏది సున్నత్, ఏది కాదు అని వాదించుకోవడంలో మనకున్న ఉత్సాహం ఇంతా అంతా కాదు. కాని 41వ రోజు ఆ ఇంటి తలుపు తట్టేవారెవరు? దేగిసాలు కడిగి అప్పగించి, షామియానా విప్పి, చుట్టాలు బస్సెక్కిన తర్వాతే కదా ఇల్లు బోసిపోయేది? అసలు దుఃఖం మొదలయ్యేది అప్పుడే.

హజ్రత్ ఆయిషా (రజి) గారి గురించి హదీసుల్లో ఒక సంగతి ఉంది. బంధువుల్లో ఎవరైనా చనిపోతే ఆడవాళ్ళు పరామర్శకు వచ్చేవారు. వచ్చినవారంతా వెళ్ళిపోయి ఇంటివాళ్ళు, దగ్గరివాళ్ళు మాత్రమే మిగిలిన తర్వాత ఆమె బార్లీ పిండితో జావ కాయించేవారు. దాన్ని తల్బీనా అనేవారు. అది దుఃఖంలో ఉన్న గుండెకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని వారికి తాగించేవారు. ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆ ఇంటివారికి మీరు అన్నం వండి పంపండి, వారు దుఃఖంలో ఉన్నారని ప్రవక్త (స) స్వయంగా పురమాయించారు. దుఃఖంలో ఉన్నవారికి పొయ్యి వెలిగించే ఓపిక ఉండదన్న చిన్న విషయాన్ని కూడా పట్టించుకున్న ధర్మం మనది. మనం మాత్రం ఆ దుఃఖంలో ఉన్నవారిచేతే వంటలు చేయించి తిని వస్తున్నాం.

సబర్ అంటే నోరు మూసుకోవడమా?

చావు ఇంటికి పోతే మనం చెప్పే మాటలు మూడే. "అల్లాహ్ మర్జీ." "ఊరుకో అమ్మా." "సబర్ చెయ్యి." ఈ రచయిత కూడా ఈ మూడు మాటలూ చెప్పి, చాయ్ తాగి వచ్చినవాడే. ఆ మాటలు తప్పని కాదు. కాని అవి చెప్పడంలో మన తొందర ఏమిటంటే, ఎదుటి మనిషి ఏడుపు మనకు ఇబ్బందిగా ఉంటుంది. అది ఆగిపోతే మనకు హాయి. కొన్నిచోట్ల ఇంకొక అడుగు ముందుకు వేసి, "ఇంతగా ఏడుస్తున్నావంటే నీ ఈమాన్ ఏమైంది?" అని కూడా అడుగుతారు.

హజ్రత్ యాఖూబ్ (అ) ఈమాన్ ఏమైంది మరి? ఆయన దైవప్రవక్త. కొడుకు యూసుఫ్ (అ) దూరమైనప్పుడు అందమైన సహనం వహిస్తానని అన్నది ఆయనే. ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయిందీ ఆయనకే. రెండూ ఒకే మనిషి, ఒకే సూరా. పైగా మిగిలిన కొడుకులు ఆయన్ను విసుక్కున్నారు. ఇలా యూసుఫ్‌నే తలచుకుంటూ ఉంటే జబ్బున పడతావు, ప్రాణం పోగొట్టుకుంటావు అన్నారు. తన బాధను, తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన జవాబిచ్చాడు. ఆ కొడుకుల మాటను ఖురాన్ మెచ్చుకోలేదు. ఆ తండ్రి కన్నీటిని తప్పు పట్టలేదు. మన ఇళ్ళలో మనం ఎవరి మాట పలుకుతున్నాం? యాఖూబ్ (అ) మాటా, ఆయన కొడుకుల మాటా?

మన ప్రవక్త (స) జీవితంలో ఒక సంవత్సరానికి పేరే దుఃఖ సంవత్సరం. ఆముల్ హుజ్న్. క్రీ.శ. 619 ప్రాంతంలో కొద్ది కాలం తేడాతో సహధర్మచారిణి హజ్రత్ ఖదీజా (రజి), పెంచిన పెదతండ్రి అబూ తాలిబ్ ఇద్దరూ కన్నుమూశారు. ఆ సంవత్సరానికి విజయం పేరు పెట్టలేదు, సహనం పేరు పెట్టలేదు, దుఃఖం పేరే పెట్టారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచి మదీనాలో రాజ్యమే ఏర్పడిన తర్వాత కూడా ఆయన ఖదీజా (రజి) ను తలచుకునేవారు, ఆమె స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు. ఏడాదిన్నర పసివాడైన ఇబ్రాహీం చేతుల్లో ప్రాణం విడుస్తుంటే కన్నీరు కార్చారు. మీరు కూడానా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోతే ఇది కారుణ్యం అని బదులిచ్చారు.

గుండెలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం, విధిని తిట్టడం కూడదన్నారు. కన్నీటిని కూడదనలేదు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలుసుకోకుండా ఏడ్చేవారిని అదిలించడం ధర్మం పేరుతో చేస్తున్న అధర్మం.

దుఃఖం వేరు, జబ్బు వేరు

ఇక్కడ ఇంకొక మెట్టు ఉంది. ఒంటిమిట్టలోనే దానికి ఉదాహరణ చూడవచ్చు. ఆంధ్ర వాల్మీకి అని పేరు పొందిన వావిలికొలను సుబ్బారావు గారు (1863–1936) మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసినవారు. భార్య పోయిన తర్వాత ఆయన సంసారానికి దూరమై సన్యాసి జీవితం గడిపారు. ఒంటిమిట్ట చేరి, చేత కొబ్బరి చిప్ప పట్టుకొని ఊరూరా బిచ్చమెత్తి, శిథిలమవుతున్న కోదండరామాలయాన్ని బాగు చేయించారు. ఆయన దుఃఖం ఆయన్ను నడిపించింది. అది ఆయన అదృష్టం.

అందరినీ దుఃఖం నడిపించదు. కొందరిని కూలబెడుతుంది. మంచం మీద నుంచి లేవనివ్వదు. దుఃఖానికి కారణమే కనబడకుండా కొందరిని చీకటి కమ్ముతుంది. "నీకేం తక్కువ? మొగుడు కువైట్ నుంచి నెలనెలా డబ్బు పంపిస్తున్నాడు, మేడ కట్టించాడు, పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు, ఇంకా ఏడుపెందుకు?" అని అత్త అడుగుతుంది. ఆ పిల్లకు కూడా తెలియదు ఎందుకో. చెప్పడానికి కారణం లేదు గనుక ఆమె మరింత కుమిలిపోతుంది. అల్లాహ్ ఇన్ని ఇచ్చాడు, నాకు కృతజ్ఞత లేదేమో, నేను పాపిష్ఠిదాన్నేమో అనుకుంటుంది.

ఈ తేడాను మన పూర్వికులు వెయ్యేళ్ళ కిందటే గుర్తించారు. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు 934లో కాలం చేశాడు. ఆయన రాసిన మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్ అనే గ్రంథం శరీరానికీ మనసుకూ కలిపి ఆరోగ్య సూత్రాలు చెబుతుంది. అందులో ఆయన విచారాన్ని రెండు రకాలుగా విడదీశాడు. ప్రియమైనదేదో పోగొట్టుకున్నందువల్ల కలిగేది ఒకటి. కారణం తెలియకుండా, శరీరంలోని మార్పుల వల్ల కలిగేది రెండవది. మొదటిదానికి మాటలతో ఓదార్పు కావాలని, రెండవదానికి శరీరానికి చికిత్స చేయాలని ఆయన చెప్పాడు. ఆనాటి శరీరశాస్త్రం నేటిది కాదు. కాని కారణం లేని దుఃఖం పాపం కాదు, జబ్బు అన్న మాట వెయ్యేళ్ళ కిందట ఒక ముస్లిం పండితుడు చెప్పాడు. మన వీధుల్లో ఇంకా ఎవరూ చెప్పడం లేదు.

జబ్బును ఎలా గుర్తు పట్టాలి? దిగులు గాని, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు మించి దాదాపు ప్రతి రోజూ ఉండటం ముఖ్యమైన గుర్తు. దానికి తోడు నిద్ర పట్టకపోవడం లేదా ఎప్పుడూ నిద్ర, ఆకలి చచ్చిపోవడం, చిన్న పనికే నీరసం, మతిమరుపు, నేను దేనికీ పనికిరానన్న భావం, చావు ఆలోచనలు. మన ప్రాంతంలో ఇది చాలాసార్లు ఒంటి నొప్పుల వేషంలో వస్తుంది. తలనొప్పి, గుండె దడ, కాళ్ళ పీకులు, కడుపులో మంట అంటారు. వీధిలోని డాక్టరు దగ్గర గ్లూకోజు ఎక్కించుకుంటారు. రక్తపరీక్ష, ఎక్సరే, స్కానింగు అన్నీ అవుతాయి. "ఏమీ లేదు" అని కాగితం చేతికి వస్తుంది. ఏమీ లేదన్నారు గనుక ఇంట్లో "నటిస్తోంది" అంటారు. కాన్పు అయిన తర్వాత కొందరు తల్లులకు కూడా ఈ జబ్బు వస్తుంది. దాన్ని బాలింత బలహీనత అనో, దిష్టి అనో సరిపెడతాం.

ఇది ఎక్కడో ఒకరిద్దరి సంగతి కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ కుంగుబాటుకు గురవుతున్నారు. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న ప్రతి వంద మందిలో 85 మందికి వైద్యమే అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. జుమా రోజున మీ మసీదులో 200 మంది నమాజు చేస్తే అందులో పది మంది దాకా ఈ చీకటిని చూసినవారే ఉండవచ్చు. వారెవరో మీకు తెలుసా?

కథల్లో దుఃఖం, సినిమాల్లో దుఃఖం

జీవితంలో దాచిపెట్టే దుఃఖాన్ని మనం కథల్లో, సినిమాల్లో మాత్రం డబ్బిచ్చి చూస్తాం. శరత్‌బాబు దేవదాసు నవల 1917లో వచ్చింది. 1953లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన తెలుగు సినిమా చూసి మన తాతలు, నానీలు కంటతడి పెట్టారు. ఆ సినిమా గొప్పతనాన్ని కాదనలేం. కాని దాని నుంచి జనం నేర్చుకున్న పాఠమేమిటి? మగవాడికి దుఃఖం వస్తే సీసా పట్టుకోవాలి, చివరకు ప్రాణం తీసుకోవాలి, అదే నిజమైన ప్రేమ. ఇప్పటికీ తాగి రోడ్డు మీద తిరిగే కుర్రాణ్ణి చూసి "దేవదాసు అయ్యాడు" అని నవ్వుతాం. అతడు జబ్బు మనిషి కావచ్చునన్న ఆలోచన రాదు.

అదే దేవదాసు పాత్రను 1955లో హిందీలో ధరించినవారు దిలీప్ కుమార్. అసలు పేరు యూసుఫ్ ఖాన్. సినిమా తర్వాత సినిమాలో విషాద పాత్రలు వేసి వేసి ఆ విచారం తన సొంత మనసుకు అంటుకుందని ఆయనే చెప్పుకున్నారు. ఆయన ఏం చేశారు? ఇంగ్లండులో మానసిక వైద్యుని సలహా తీసుకున్నారు. కొంతకాలం తేలికైన పాత్రలు వేయమని సలహా ఇస్తే దాన్ని పాటించి ఆజాద్, కోహినూర్ వంటి వినోద చిత్రాల్లో నటించారు. 2021 జూలైలో 98 ఏళ్ళ వయసులో కన్నుమూసే దాకా గౌరవంగా జీవించారు. వైద్యుని దగ్గరకు వెళ్ళానని చెప్పుకోవడానికి అంత పెద్ద నటుడు సిగ్గుపడలేదు. దేవదాసు సినిమా అందరికీ తెలుసు. దేవదాసు వేసినాయన డాక్టరు దగ్గరకు పోయిన సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. మన పిల్లలకు చెప్పవలసిన కథ ఈ రెండవది.

తెలుగులో మన ముస్లిం రచయితలు మన ఇళ్ళలోని దిగులును ఈ పాతికేళ్ళలో నిజాయితీగా రాశారు. మన కడప జిల్లా వేంపల్లెకు చెందిన షరీఫ్ "జుమ్మా" అనే కథ రాశారు. 2007 మే 18, శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మసీదులో జరిగిన బాంబు పేలుడు ఒక తల్లి మనసును ఏం చేసిందో ఆ కథ చెబుతుంది. జుమా నమాజుకు పొమ్మని పోరు పెట్టే తల్లే పోవద్దు బిడ్డా అనే స్థితికి వస్తుంది. ఆ పేరుతోనే వచ్చిన కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. మహమ్మద్ ఖదీర్‌బాబు "న్యూ బాంబే టైలర్స్" కథలో రెడీమేడ్ బట్టలు వచ్చిపడి పని పోయిన ఒక దర్జీ ఉన్నాడు. అతనికి పోయింది కూలి మాత్రమే కాదు, నలుగురిలో ఉన్న విలువ కూడా. మన ఊళ్ళలో అలాంటి దర్జీలు, దూదేకుల పనివారు, జట్కా నడిపినవారు ఎందరు అరుగుల మీద మౌనంగా కూర్చుని పోయారో మనకు తెలియనిదా? వారిని "సోమరి" అన్నాం. కథ చదివిన తర్వాత గాని ఆ మౌనానికి అర్థం తెలియలేదు.

మంచి కథ చేసే పని అదే. మనం వినని పిలుపును వినిపిస్తుంది. ఇలాంటి కథలు ఇంట్లో ఆడపిల్లల చేత, మగపిల్లల చేత చదివించండి. చదివిన తర్వాత, "నీకెప్పుడైనా ఇలా అనిపించిందా?" అని ఒక్క మాట అడగండి.

దువాతో పాటు దవా

ఇక మనం జరుపుతున్న వైద్యం సంగతి. మనిషి మాట్లాడటం మానేస్తే గాలి సోకిందంటాం. ఎవరో చేయించారంటాం. తావీజు కడతాం, నీళ్ళు ఊదిస్తాం, దర్గాకు తీసుకుపోయి వారాల తరబడి నిద్ర చేయిస్తాం. దువా వద్దని ఎవరంటారు? కాని దువా పేరుతో దవాను ఆపేయడం ఎంత ప్రమాదమో ఒక్క ఉదాహరణ చాలు. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ప్రైవేటు షెడ్డు ఒకదానిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున నిప్పు అంటుకుంది. రోగులను గొలుసులతో కట్టేశారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. వారిని అక్కడ వదిలింది శత్రువులు కాదు. కన్నవారు, కట్టుకున్నవారు, తోడబుట్టినవారు.

ఈ గొలుసులు ఇస్లాం మనకు ఇచ్చినవా? 1488లో తుర్కియేలోని ఎదిర్నె నగరంలో సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన వైద్యశాలలో మనసు చెదిరినవారికి సంగీతం, నీటి సవ్వడి, పూల పరిమళాలతో కూడా చికిత్స చేసేవారు. ఆ కట్టడం నేటికీ ఉంది, మ్యూజియంగా. అలాంటి చరిత్ర ఉన్నవాళ్ళం షెడ్డుల్లో గొలుసుల దాకా దిగజారాం.

ఎర్వాడి బూడిద నుంచి ఒక మంచి కూడా పుట్టింది. దేశమంతా ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గాలోనూ, తర్వాత ఎర్వాడిలోనూ "దవా–దువా" పేరుతో డాక్టర్లు దర్గా ఆవరణకే వచ్చి మందులిచ్చే ఏర్పాటు జరిగింది. ముజావర్లు దువా చేసి, పక్క గదిలోని డాక్టరు దగ్గరకు పంపుతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది.

"మందు మింగితే అల్లాహ్ మీద నమ్మకం తగ్గినట్లు కాదా?" అని అడిగేవారున్నారు. చికిత్స చేయించుకోవచ్చా అని ఎడారి మనుషులు అడిగితే చేయించుకోండి, ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు సృష్టించాడని ప్రవక్త (స) చెప్పారు. ఆ జవాబులో మనసు జబ్బును ఆయన మినహాయించలేదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారి ఈమాన్‌ను ఎవరూ శంకించరు. ఈ జబ్బుకు మాత్రం ఎందుకు?

"ఆ మాత్రలకు అలవాటు పడిపోతారు" అన్నది ఇంకొక భయం. కుంగుబాటుకు ఇచ్చే మామూలు మందులు మత్తుమందులు కావు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన జనం పది రోజులు వాడి పనిచేయలేదని మానేస్తారు. లేదా కాస్త తేరుకోగానే ఆపేస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. జబ్బు మరీ ముదరని దశలో మందు లేకుండా మాటలతోనే నయం చేసే పద్ధతులూ ఉన్నాయి.

అసలు అడ్డంకి మాత్ర కాదు, పరువు. "పిచ్చి డాక్టరు దగ్గరకు పోయిందని తెలిస్తే పిల్లకు సంబంధాలు వస్తాయా?" అంటారు. సంబంధం కోసం జబ్బు దాచి నికాహ్ చేసి పంపితే, అత్తవారింట్లో మందు దాచిపెట్టుకొని మింగలేక ఆ పిల్ల ఏమైపోతుందో ఆలోచించారా?

మనం చేయగలిగింది

ఆత్మహత్య ఇస్లాంలో నిషిద్ధం. అందులో రెండో మాట లేదు. కాని ఆ నిషేధం బతికి ఉన్నవారిని కాపాడటానికి, పోయినవారి తల్లిదండ్రులను కాల్చుకు తినడానికి కాదు. అలా పోయినవారికి కూడా జనాజా నమాజు చదవాలనే ధర్మశాస్త్ర పండితుల్లో అధికులు చెప్పారు. తీర్పు చెప్పవలసినవాడు అల్లాహ్. చట్టం కూడా మారింది. ప్రాణం తీసుకోబోయి బతికినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారికి చికిత్స అందించాలని 2017 చట్టం చెబుతోంది. వారిని నేరస్థులుగా చూసిన పాత 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగవద్దు.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే బెదిరింపు అనుకోకండి. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా, మాత్రల సీసా వారి చేతికి అందకుండా తాళం వేయండి. సేద్యం చేసే ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. 14416 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పనక్కర లేదు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంటుంది. మొదటిసారి రోగితో పాటు ఇంటి పెద్ద ఒకరు కూడా వెళ్తే సగం ధైర్యం వస్తుంది.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. వుజూ చేసే చోట గోడ మీద ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఏడాదిలో ఒక్క జుమా బయాన్ ఈ విషయం మీద పెట్టించండి. మహల్లాలో చావు జరిగిన ఇళ్ళ జాబితా ఉంచుకొని 41వ రోజున ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు పోయి కూర్చుని రండి. కువైట్, సౌదీ పోయినవారి ఇళ్ళకు కూడా. డబ్బు వస్తున్న ఇంట్లో దుఃఖం ఉండదనుకోవడం పొరపాటు. అక్కడ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఫోను చేసినప్పుడు, ఎంత పంపావు అని అడిగే ముందు, ఎలా ఉన్నావమ్మా అని అడగండి. జవాబు పూర్తయ్యే దాకా ఆగండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో ఎవరైనా ఏడుస్తుంటే "ఊరుకో" అనడం మానుకుందాం. పక్కన కూర్చుందాం. సబర్ గురించి చెప్పాలనుకుంటే కాస్త తర్వాత, వారి చెయ్యి మన చేతిలో ఉండగా చెబుదాం.

ఇమాంబేగ్ బావి నేటికీ ఒంటిమిట్టలో ఉంది. ఎవరు అడిగినా అడగకపోయినా దప్పిక తీర్చడానికి తవ్విన బావి అది. పక్క మనిషి పిలుపు వినే చెవిని, పలికే నోటిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఈ రోజు నమాజు ముగిసి సలాం చెప్పడానికి కుడివైపు, ఎడమవైపు తల తిప్పినప్పుడు ఆ రెండు ముఖాలనూ ఒకసారి సరిగ్గా చూడండి.